డిక్కీలో నీళ్లు: తడి ఒక చోట, లీక్ ఇంకో చోట

కారు డిక్కీలోకి వాన నీళ్లు ఎక్కడి నుంచి వస్తాయి, ఆ జాగను ఇంటి ముందరనే ఎట్ల పట్టుకోవాలి, పట్టుకున్నాక ఎట్ల మూయాలి. ఇయ్యాల్టి ఎపిసోడ్ దీని గురించే. "నీళ్లే కదా, బట్టతోని తుడుస్తే అయిపాయె" అనుకునేటోళ్లు వీడియో చివరిదాకా ఉండండి. నేను కూడా మొదట గట్లనే అనుకున్న. మా అక్క విషయంలో అది నీళ్లతోనే ఆగలేదు.

మా అక్కోళ్లది దేవరకొండ. బావ మూడేండ్ల కింద ఒక సెకండ్ హ్యాండ్ సెడాన్ కొన్నడు. పోయిన మృగశిరకు మొదటి పెద్ద వాన పడ్డది. రెండు రోజులకు కారులో ముక్క వాసన. డిక్కీ తెరిచి కార్పెట్ లేపి, స్టెప్నీ తీసి చూస్తే కింది గుంతలో నాలుగు వేళ్ల లోతు నీళ్లు. జాకీ అంతా తుప్పు. బావ ఒక షెడ్డుకు తీసుకపోతే "బీడింగ్ పోయింది" అని కొత్తది వేసిండ్రు, 1,800 రూపాయలు. మళ్ల వాన, మళ్ల నీళ్లు. ఇంకో షెడ్డులో టెయిల్ లైట్ల చుట్టూ తెల్లగా సిలికాన్ పూసిండ్రు, 600 రూపాయలు. మళ్ల నీళ్లు. అప్పుడు నాకు ఫోన్ చేసిండు: "ఏం బామ్మర్దీ, కంప్యూటర్ల తప్పులు దొరకబడ్తవ్ గదా, దీన్ల కూడా జర దొరకబట్టరాదు?"

నిజం చెప్పాలంటే బావ మాటల్లోనే సగం జవాబు ఉంది. ఆ రెండు షెడ్లలో పని జరిగింది గానీ వెతకడం జరగలేదు. నేను సాఫ్ట్‌వేర్ జాబ్ చేసినప్పుడు నేర్చుకున్న మొదటి పాఠం ఇదే. బగ్ ఎప్పుడు వస్తదో తెలవకుండా కోడ్ మార్చొద్దు. డిక్కీకి కూడా అదే రూల్.

మన దిక్కు ఈ సమస్య ఎందుకు ఎక్కువ?

"నల్గొండ, మహబూబ్‌నగర్ అంటేనే కరువు జిల్లాలు, వానలే తక్కువ, ఇక్కడ లీకేజ్ ఏంది" అని అడుగుతరు. అసలు సంగతి అక్కడనే ఉంది. మనకు వాన తక్కువ కాబట్టే ఎండ, దుమ్ము ఎక్కువ. డిక్కీ చుట్టూ ఉండే రబ్బర్ బీడింగ్ చాలా కార్లలో ఈపీడీఎం అనే రబ్బరుతో చేస్తరు. ఎండను బాగనే తట్టుకుంటది గానీ ఎల్లకాలం కాదు. ఎండాకాలంలో నల్గొండలో 44, 45 డిగ్రీలు కొడ్తది. నీడ లేని చోట నిలబెట్టిన కారు రేకు దానికంటే ఇంకా చాలా వేడెక్కుతది. ఏండ్ల తరబడి అట్ల కాలీ కాలీ రబ్బరు గట్టిపడ్తది. నొక్కితే లోపలికి పోతది గానీ మళ్ల పైకి లేవదు. రోహిణి కార్తెలో రోళ్లు పగుల్తాయంటరు, మరి రబ్బరు ఎంత?

రెండోది ఎర్ర దుమ్ము. డిక్కీ మూత తెరిచి చూడండి, రబ్బరుకు బయటి వైపు చుట్టూ ఒక కాలువ ఉంటది. వాన నీళ్లు మూత సందులోంచి ఆ కాలువలోకి రావాలె, రెండు పక్కల నుంచి కిందికి కారిపోవాలె. కంపెనీ డిజైనే అట్లుంటది. కాబట్టి ఆ కాలువలో నీళ్లు కనబడితే అది లీక్ కాదు. కానీ ఎనిమిది నెలల దుమ్ము, వేపాకులు అందులో పేరుకుపోతే మొదటి వానకే అది బురదై దారి మూసుకుంటది. నీళ్లు ఎక్కి రబ్బరు మీది నుంచి లోపలికి దుంకుతాయి. ఇట్లాంటప్పుడు పాత బ్రష్షు, బట్ట పెట్టి కాలువ సాఫ్ చేస్తే చాలు, రూపాయి ఖర్చు లేకుండా సమస్య పోతది. అందుకే ముందు ఈ పని చేయండి.

మొదలు: ఎప్పుడు వస్తున్నయ్?

పానా పట్టేముందు ఈ ప్రశ్నలకు జవాబు రాసుకోండి, ఫోన్ నోట్స్‌లో అయినా సరే.

కారు నిలబెట్టి ఉన్నప్పుడు వాన పడితేనే నీళ్లు వస్తున్నాయా? అయితే దారి పైన ఉంది. బీడింగ్, టెయిల్ లైట్లు, వెనక అద్దం అంచు, పైన ఉండే మూడో బ్రేక్ లైట్, యాంటెన్నా అడుగు, మూత కబ్జాలు, రేకుల అతుకులు. వీటిలో ఏదో ఒకటి.

తడి రోడ్డు మీద నడిపినప్పుడే వస్తున్నాయా? అయితే దారి కింద ఉంది. చక్రం చిమ్మే నీళ్లు తగిలే చోటు. వైర్లు లోపలికి పోయే రబ్బరు బుడిపెలు, స్టెప్నీ గుంతకు అడుగున ఉండే రబ్బరు బిరడాలు, బంపర్ వెనకాల గాలి పోయే కిటికీలు. ఈ కిటికీల సంగతి తర్వాత చెప్తా, మర్చిపోకండి.

హ్యాచ్‌బ్యాక్ అయి, వెనక అద్దానికి నీళ్లు కొట్టినప్పుడే తడి అయితుందా? లోపల ఆ సన్న పైపు ఊడిందో, పగిలిందో. సన్‌రూఫ్ ఉందా? దాని వెనక డ్రెయిన్ పైపులు చూడాలె.

ఇంకోటి, వచ్చిన నీళ్ల రంగు చూడండి. పైనుంచి వచ్చే వాన నీళ్లు కొంచెం తేటగా ఉంటయి. రోడ్డు మీది నుంచి చిమ్మినవి మన మట్టి రంగులో ఎర్రగా ఉంటయి. ఈ చిన్న విషయమే నన్ను తర్వాత కాపాడింది.

వెతికే పద్ధతి

డిక్కీ మొత్తం ఖాళీ చేయండి. స్టెప్నీ, జాకీ, కార్పెట్, పక్కలకు ఉండే అట్టలు అన్నీ బయటికి. అట్టలకు ప్లాస్టిక్ క్లిప్పులు ఉంటయి, నిదానంగా తీయండి. తీసే ముందు ఫోటో కొట్టుకోండి, మళ్ల బిగించేటప్పుడు పనికొస్తది. తర్వాత రేకును పూర్తిగా ఆరబెట్టండి. తడి మీద తడిని వెతకలేం.

ఆరిన తర్వాత పాత గుర్తులు చూడండి. దుమ్ములో నీళ్లు పారిన చార, సన్నటి తుప్పు గీత ఉంటది. అది కింది నుంచి పైకి ఎక్కడిదాకా పోతుందో వేలుతో పట్టుకొని పోండి. నీళ్లు ఆగిన గుంత అనేది చివరి స్టాప్ మాత్రమే. బస్సు ఎక్కింది ఎక్కడో మనకు కావాలె. మా బావ ఇంటి ముందర వీధి ఏటవాలుగా ఉంటది, అందుకని కారు కూడా ఒక పక్కకు ఒరిగి ఉంటది. ఒక దిక్కు దిగిన నీళ్లు ఇంకో దిక్కు చేరి కనబడ్తయి. అందుకే రోజూ కారు ఎట్ల నిలబడ్తదో టెస్టు కూడా అట్లనే నిలబెట్టి చేయండి.

బీడింగ్ టెస్టుకు ఒక పేపర్ ముక్క చాలు. రబ్బరు మీద పేపర్ పెట్టి మూత వేసి మెల్లగా గుంజండి. బిగువుగా రావాలె. సులువుగా జారి వస్తే అక్కడ రబ్బరు నొక్కుకోవట్లేదు. చుట్టూ జానెడుకు ఒకసారి ఇట్ల చూడండి. ఇంకో పద్ధతి సుద్దముక్క. రబ్బరు మీద సుద్ద రుద్ది మూత వేసి తీస్తే రేకు అంచు మీద తెల్ల గీత పడ్తది. గీత ఎక్కడ తెగిందో అక్కడ సందు ఉన్నట్టు.

ఇగ నీళ్ల టెస్టు. లోపల టెయిల్ లైట్ల కింద, అతుకుల పక్కన ముగ్గు పిండి పల్చగా చల్లండి. ఒక్క చుక్క వచ్చినా పిండి మీద దారి గీస్తది. ఫోన్‌లో వీడియో ఆన్ చేసి, ఫ్లాష్ లైట్ వేసి, తడి తగలని జాగలో అనుమానం ఉన్న దిక్కు పెట్టి మూత వేయండి. బయట మామూలు పైపుతో నీళ్లు పోయండి. వాటర్ వాష్ ప్రెషర్ గన్ వద్దు, అది మంచి రబ్బరులోంచి కూడా నీళ్లు దూరుస్తది, అప్పుడు లేని లీక్ కనబడ్తది.

ముఖ్యమైన రూల్: కింది నుంచి పైకి పోండి. ముందు బంపర్ పై అంచు, తర్వాత టెయిల్ లైట్, తర్వాత మూత సందు, ఆఖరికి వెనక అద్దం. ఒక్కో చోట ఐదు నిమిషాలు. మొదటనే పైన పోస్తే నీళ్లు అన్నిటి మీదా కారుతయి, ఏది కారణమో తెలవదు.

కొన్ని వీడియోల్లో మనిషిని డిక్కీలో కూర్చోబెట్టి మూత వేస్తరు. దయచేసి చేయకండి. పిల్లలను అయితే అసలే వద్దు. మూసిన కారు ఎండలో నిమిషాల్లో కొలిమి అయితది. ఫోన్ ఉంది కదా, అది చూస్తది.

మా కారులో ఏం దొరికింది?

ఎడమ టెయిల్ లైట్ మీద నీళ్లు పోసిన. వీడియో తీసి చూస్తే మూడో నిమిషంలో ముగ్గు పిండి మీద సన్నటి గీత. లైట్ విప్పితే సంగతి తెలిసింది. లైటుకు, రేకుకు మధ్య స్పాంజ్ లాంటి గ్యాస్కెట్ ఉంటది. అది అప్పడంలెక్క అణిగిపోయి, ఒక మూల చినిగింది. షెడ్డులో పూసిన సిలికాన్ బయట అంచుకే ఉంది, అది కూడా దుమ్ము మీదనే పూసిండ్రు. గోరుతో గీకితే పొరలెక్క ఊడి వచ్చింది.

పాతది మొత్తం తీసేసి, స్పిరిట్‌తో తుడిచి, బ్యూటైల్ టేపు చుట్టూ ఎక్కడా తెగకుండా వేసిన. ఇది జిగటగా, మెత్తగా ఉండే నల్ల టేపు. గట్టిపడదు, రేపు బల్బు మార్చాలంటే మళ్ల విప్పొచ్చు. నట్లు ముందు చేతితో, తర్వాత పానాతో కొంచెమే బిగించాలె. గట్టిగా బిగిస్తే ప్లాస్టిక్ పగుల్తది. మళ్ల పైపు పెట్టి పావుగంట నీళ్లు పోసిన. లోపల ఎండుగా ఉంది. బావ చాయ్ తాపిచ్చిండు. అయిపోయింది అనుకున్నం.

వారం తర్వాత మళ్ల ఫోన్. "నీళ్లు కొంచెమే ఉన్నయ్ గానీ ఉన్నయ్." నేను అడిగిన: "రంగు ఏంది బావా?" "ఎర్రగున్నయ్." అంటే ఇది పైది కాదు, రోడ్డుది. రెండో బగ్.

ఈసారి ఎడమ పక్క అట్ట మొత్తం తీసి, బంపర్ వెనక మూలకు చెయ్యి పెట్టి చూసిన. అరచెయ్యి అంత చౌకోరు సందు. అందులోంచి వెలుతురు కనబడ్తుంది! కుడి పక్క చూస్తే అదే జాగలో ప్లాస్టిక్ ఫ్రేము, దానికి పల్చటి రబ్బరు రెక్కలు ఉన్నయి. ఇందాక చెప్పిన గాలి కిటికీ ఇదే. మనం డోర్ వేసినప్పుడు, ఏసీ గాలి నింపినప్పుడు లోపలి గాలి బయటికి పోవాలె కదా, దాని కోసం పెట్టిండ్రు. రెక్కలు బయటికే తెరుచుకుంటయి, లోపలికి ఏదీ రానియ్యవు. మా కారు ఎడమ పక్క మనం కొనకముందే దెబ్బ తిని, రేకు కొట్టి రంగు వేసిండ్రు. ఆ పనిలో ఈ కిటికీ మళ్ల పెట్టుడు మర్చిపోయినట్టుంది. చక్రం చిమ్మే బురద నీళ్లు సీదా లోపలికి వస్తున్నయి.

నేను సందులోంచి చూస్తుంటే బావ ఇంజిన్ స్టార్ట్ చేసిండు. సైలెన్సర్ ఉన్నది కూడా ఎడమ దిక్కే. నా ముక్కుకు పొగ వాసన తగిలింది.

అప్పుడు గుమ్మంలో నిలబడ్డ అక్క అన్నది: "తమ్మీ, గిదే వాసన నాకు కారులో వస్తది." అప్పుడు అక్కకు ఏడో నెల. నెలనెలా చెకప్‌కు నల్గొండ పోతది, వెనక సీట్లో. గంటకు పైగా ప్రయాణం. దిగేసరికి తలనొప్పి, వికారం. అందరం ఏమన్నం? "కడుపుతోని ఉన్నప్పుడు మామూలే."

ఆ తలనొప్పి దీనివల్లనే అని చెప్పడానికి నేను డాక్టర్‌ను కాదు. గానీ ఇది మాత్రం తెలుసుకోండి. బండి పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటది. ఆ గ్యాస్‌కు రంగు లేదు, వాసన లేదు. మనకు వచ్చే వాసన పొగలోని మిగతా వాటిది. ఈ గ్యాస్ రక్తంలో హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటది. ఆక్సిజన్‌కు జాగ ఉండదు. తలనొప్పి, తిరుగుడు, వికారం దీని మొదటి గుర్తులు. కడుపులో బిడ్డకు ఇది ఇంకా ప్రమాదం. పైగా కారు పోతున్నప్పుడు వెనకాల గాలి సుడి తిరుగుతది, ఆ సుడి పొగను డిక్కీ దిక్కు గుంజుతది. నీళ్లు వచ్చే సందులోంచి పొగ కూడా వస్తది.

ఆ రోజే కారు పక్కకు పెట్టినం. ఆ వారం చెకప్‌కు అక్క బస్సులో పోయింది. డాక్టరమ్మకు విషయం మొత్తం చెప్పింది. చూసి, బిడ్డ బాగనే ఉందన్నరు. ఆ మాట ఫోన్‌లో వినేదాకా మా ఇంట్లో ఎవ్వరం సక్కగ తిననే లేదు. కిటికీ ఫ్రేము స్పేర్ పార్ట్స్ షాపులో దొరికింది, 450 రూపాయలు. బంపర్ ఒక పక్క విప్పి బిగిస్తే గంట పని.

మీ కారులో వెనక కూర్చున్నోళ్లకు తలనొప్పి వచ్చి, దిగి గాలికి నిలబడితే తగ్గుతుందంటే దాన్ని కారు పడకపోవడం అని వదిలేయకండి. వెంటనే ఆపి దిగండి, హాస్పిటల్‌లో చూపించుకోండి, సైలెన్సర్‌ను, డిక్కీని చెక్ చేయించండి.

మూసేటప్పుడు చేయకూడనివి

బీడింగ్‌కు ఇంజిన్ ఆయిల్, గ్రీజు, డీజిల్, వ్యాసెలిన్ పూయొద్దు. పెట్రోలియం తగిలితే ఈపీడీఎం రబ్బరు ఉబ్బి మెత్తబడి పాడైతది. సబ్బు నీళ్లతో కడిగి, ఆరినాక సిలికాన్ గ్రీజు పల్చగా రుద్దండి. ఎండాకాలం ముందు ఒకసారి, వానాకాలం ముందు ఒకసారి.

కొత్త బీడింగ్ వేస్తే గుంజి వేయొద్దు, తర్వాత కురచ అయితది. అతుకు కింది వైపు మధ్యలో, లాక్ దగ్గరకు రావాలె. రబ్బరు బాగున్నా మూత వదులుగా ఉంటే లాక్ కొక్కెం, మూత కింది రబ్బరు గుండీలు సర్దితే చాలు. వాటిని తిప్పితే ఎత్తు మారుతది.

రేకు మీద పుల్లటి వెనిగర్ వాసన వచ్చే సిలికాన్ వద్దు. అందులోంచి ఎసిటిక్ యాసిడ్ వస్తది, అది తుప్పు తెస్తది. అతుకులకు పాలీయురేథేన్ సీలర్ గానీ, న్యూట్రల్ అని రాసి ఉన్న సిలికాన్ గానీ తీసుకోండి. తుప్పు ఉంటే గీకి, ప్రైమర్, రంగు వేసినాకనే సీలర్. తుప్పు మీద పూస్తే లోపల్లోపల తింటనే ఉంటది. రాయిలెక్క గట్టిపడే పుట్టి కూడా వద్దు, మన రోడ్ల మీద రేకు ఊగినప్పుడు అది పగుల్తది.

"గుంతకు కింద ఒక బొక్క పెట్టు, నీళ్లు అవే పోతయ్" అని సలహా ఇస్తరు. రబ్బరు బిరడా పీకి వదిలేసేటోళ్లు కూడా ఉన్నరు. ఇప్పుడు మీకు తెలుసు, అది పొగకు దారి ఇచ్చినట్టే. అట్లనే గాలి కిటికీలను టేపు వేసి మూయొద్దు. అవి రెక్కలతో పనిచేయాలె.

సీఎన్‌జీ కారు అయితే సిలిండర్ మీరు విప్పకండి. మూడేండ్లకు ఒకసారి హైడ్రో టెస్టుకు ఎట్లాగూ తీస్తరు. ఆ రోజు దగ్గర నిలబడి కింది రేకు, బ్రాకెట్ల తుప్పు, పైపులు పోయే రబ్బర్లు చూపించుకోండి. ఎలక్ట్రిక్ కారులో నారింజ రంగు వైర్ల జోలికి పోవద్దు, సర్వీస్ సెంటర్‌కే ఇవ్వండి.

సెకండ్ హ్యాండ్ కొనేటోళ్లకు

2020 అక్టోబర్ 13 వాన గుర్తుంది కదా. ఘట్‌కేసర్ దిక్కు ఒక్క రోజులో 30 సెంటీమీటర్లకు పైగా పడ్డది, హైదరాబాద్‌లో కాలనీలకు కాలనీలే మునిగినయ్, కార్లు వరదలో కొట్టుకుపోయినయ్. నీళ్లలో నానిన కార్లు సాఫ్ చేస్తే మళ్ల అమ్మకానికి రావొచ్చు. కాబట్టి డిక్కీ తడి లీకేజ్‌దా, మునిగిన కారుదా తెలుసుకోవాలె. సీటు బెల్టు చివరిదాకా గుంజి చూడండి, బురద మరక కనబడ్తదేమో. సీట్ల కింద పట్టీల తుప్పు చూడండి. లీకేజ్ అయితే డిక్కీలోనే ఉంటది, మునిగిన కారుకు అన్ని దిక్కులా ఉంటది.

డిక్కీలో కుడి, ఎడమ పోల్చండి. కంపెనీ సీలర్ గీత ఒక పక్క నీటుగా, ఇంకో పక్క చేత్తో పూసినట్టు ఉంటే అక్కడ దెబ్బ తగిలింది. మేం కొన్న రోజు ఈ ఐదు నిమిషాల పని చేసి ఉంటే, ఎడమ పక్క కిటికీ లేదని అప్పుడే తెలిసేది. బావ ఇంజిన్ చూసిండు, టైర్లు చూసిండు, పాటలు కూడా పెట్టి చూసిండు. డిక్కీ కార్పెట్ మాత్రం ఎవ్వరం లేపలేదు.

అందుకే ఈ ఆదివారం ఒక పని చేయండి. పొద్దున ఎండ రాకముందు మీ కారు, లేకపోతే మీ నాయన కారు డిక్కీ ఖాళీ చేసి, కార్పెట్ లేపి, రెండు పక్కలా చెయ్యి పెట్టి చూడండి. అక్కకు బిడ్డ పుట్టింది, ఇప్పుడు నాలుగు నెలలు. వచ్చే నెల అందరం అదే కారులో నాగార్జునసాగర్ పోతున్నం. వెనక సీట్లో అక్క, బిడ్డ. పోయే ముందు నేను మళ్ల ఒకసారి ముగ్గు పిండి చల్లుతా. ఉంటా మరి, నమస్తే.